సైదమ్మ రాసిన సవరణ

సరూర్‌నగర్‌లో సైదమ్మ ఉండే వీధిలో అందరూ ఆమె గ్యాస్ కంపెనీలో పనిచేస్తుందనే అనుకుంటారు. బుక్ చేసిన సిలిండర్ నాలుగు రోజులైనా రాకపోతే పక్కింటి లచ్చమ్మ గోడ మీంచి కేకేస్తుంది.

"సైదమ్మా, జర మీ ఆఫీసుల చెప్పి తొందరగ పంపియ్యరాదే!"

మొదట్లో సైదమ్మ ఓపిగ్గా చెప్పేది. "అక్కా, మాది సిలిండర్లిచ్చే ఆఫీసు గాదు. భూమిలకెల్లి తీసిన గ్యాస్‌ను పరీక్షజేసే ల్యాబు." లచ్చమ్మ అంతా విని, "గదే, గ్యాసే గదా" అనేది. కొన్నేళ్లకు సైదమ్మ చెప్పడం మానేసి, "సరే అక్కా, చెప్త" అనడం అలవాటు చేసుకుంది.

ఆమెకు నలభై ఏడేళ్లు. దేవరకొండ వైపు పల్లెలో, సైదులు దర్గాకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. ఆమెకు ఆరేళ్లప్పుడు తండ్రి జానయ్య కుటుంబాన్ని పట్నం తెచ్చి, కొత్తపేట పండ్ల మార్కెట్లో ట్రాలీ ఆటో నడిపాడు. ఆమె ఇంటర్ పాసైన ఏడాదే ఆయన నడుం దెబ్బతిని మంచాన పడ్డాడు. పై చదువు మాట పక్కనపెట్టి సైదమ్మ పని వెతుక్కుంది. ఎవరో చెబితే ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో గాజుసామాను కడిగే పనికి రోజుకూలీగా చేరింది. అప్పుడామెకు పంతొమ్మిదేళ్లు.

అక్కడే గంగాధరరావు ఆమెను గమనించాడు. ఆయన తెనాలి వైపు మనిషి, సైంటిస్టు. హైడ్రోకార్బన్ మిశ్రమాలు, అంటే మీథేన్, ఈథేన్, ప్రొపేన్ లాంటివి కలిసిన గ్యాసులు, ఏ వేడికి ఏ ఒత్తిడికి ఎలా మారుతాయో కొలవడం ఆయన పని. ఒకరోజు కడిగిన ఫ్లాస్కుల కోసం వస్తే, నాలుగు ఫ్లాస్కులు వేరుగా పెట్టి ఉన్నాయి.

"ఇవెందుకమ్మా పక్కన పెట్టావు?"

"ఇంకా జిడ్డున్నది సార్. మంచిగ కడిగినవాటి మీద నీళ్లు తెర లెక్క జారుతయి. వీటి మీద బొట్లు బొట్లుగ నిలవడుతున్నయి."

ఎవరూ చెప్పకుండానే అది కనిపెట్టిన పిల్లను ఆయన ఆ సాయంత్రమే తన గదికి పిలిపించాడు. సిలిండర్ల మూతలు బిగించడం, తూకాలు రాయడం, థర్మామీటర్ చదవడం ఒక్కొక్కటిగా నేర్పాడు. మూడేళ్లకు అసలు పరికరం ముందు కూర్చోబెట్టాడు. అది మందపాటి ఉక్కు గది, బుడ్డ చెంబంత. దానికి ఒకవైపు స్ఫటికపు కిటికీ. లోపల గ్యాస్ నింపి, మెల్లగా చల్లబరుస్తూ కిటికీలోంచి చూడాలి. ఒకచోట తేట గ్యాస్ మసకేస్తుంది, సన్నటి బొట్టు పుడుతుంది. ఆ క్షణాన ఉన్న ఉష్ణోగ్రతే డ్యూ పాయింట్.

ఆ మొదటిరోజు ఆయన చల్లబరచలేదు. వేడి కదలకుండా ఉంచి ఒత్తిడి తగ్గించాడు. దేన్నైనా నొక్కితే నీరవుతుంది, వదిలితే ఆవిరవుతుంది అని ఇంటర్‌లో చదువుకున్న సైదమ్మ కిటికీలోకి చూస్తోంది. ఒత్తిడి తగ్గుతున్న కొద్దీ గ్యాస్ ఇంకా తేటబడాలి. తేటబడలేదు. మసకేసి, గోడ మీద బొట్లు జారాయి.

"ఇదేంది సార్, ఉల్టా నడుస్తున్నది?"

"ఉల్టా ఏమీ కాదమ్మా. మనకు అలవాటైంది ఒక్క దారే కాబట్టి అలా అనిపిస్తోంది. మిశ్రమానికి దాని దారి దానికుంటుంది. మనం చేయాల్సిందల్లా చూసింది చూసినట్టు రాయడం."

ఆ మాట ఆమెకు నచ్చింది. ఆ పని ఇంకా నచ్చింది. ఆదివారాలు క్లాసులకు వెళ్లి ఓపెన్ యూనివర్సిటీలో బీఎస్సీ పూర్తి చేసింది. మధ్యలో పెళ్లయింది, ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసే మహేందర్‌తో. పదహారేళ్లు ఆ పరిశోధనశాలలో కాంట్రాక్టు మనిషిగానే ఉండిపోయింది. పర్మనెంటు కాగితం ప్రతి ఏడూ ఏదో ఒక బల్ల మీద ఆగేది. గంగాధరరావు రిటైరై, తోడల్లుడి కొడుకు చక్రపాణితో కలిసి ఎల్‌బీ నగర్ దాటాక హైవే పక్కన మూడు గదుల ల్యాబు పెడుతూ, "నువ్వొస్తానంటేనే మొదలుపెడతాను" అన్నాడు. ఆమె వెళ్లింది. అది పన్నెండేళ్ల కిందటి మాట.

కిటికీలో మసకను కెమెరా కంటే ముందు సైదమ్మ పట్టుకుంటుందని ల్యాబులో చెప్పుకునేవారు. అది నిజమే. కెమెరా బొట్టును చూస్తుంది, ఆమె బొట్టుకు ముందు వెలుతురులో వచ్చే చిన్న మార్పును చూస్తుంది. రిపోర్టు కింద "కొలిచినవారు: ఎస్. సైదమ్మ" అని సంతకం చేసేటప్పుడు, ఎన్నో ఏళ్లుగా చేస్తున్నా, ఆమె ఇప్పటికీ కలం ఒకసారి జేబురుమాలుకు తుడిచి మరీ పెడుతుంది.

ఆ సంతకంతోనే ఈ కథ మొదలైంది.

రెండేళ్ల కిందట మార్చిలో రాజస్థాన్‌లోని ఒక గ్యాస్ క్షేత్రం తాలూకు నమూనా వచ్చింది. అక్కడ పైపులైను వేయబోతున్నారు. చలికాలం రాత్రుళ్లు ఆ పైపు ఎనిమిది డిగ్రీల దాకా చల్లబడుతుంది. గ్యాస్‌లో బరువైన హైడ్రోకార్బన్లు చిటికెడున్నా చాలు, ఆ చలికి ద్రవమై పైపులో నిలిచి, ముందున్న కంప్రెసర్‌ను దెబ్బతీస్తాయి. అలా కాకుండా ఉండాలంటే గ్యాస్‌ను ముందే ఒక చిల్లర్‌లో చల్లబరిచి ఆ ద్రవాన్ని తీసేయాలి. చిల్లర్ కావాలా అక్కర్లేదా అన్నది డ్యూ పాయింట్ తేలుస్తుంది. డిజైన్ కంపెనీ ఇంజనీరు రాఘవేంద్ర కంప్యూటర్‌లో లెక్క వేస్తే పదిన్నర డిగ్రీలొచ్చింది. అంటే చిల్లర్ కావాలి. నిర్ధారించుకోవడానికి నమూనా పంపాడు.

సైదమ్మ కొలిస్తే రెండు డిగ్రీలొచ్చింది.

గంగాధరరావు ఆశ్చర్యపోయాడు, తర్వాత మురిసిపోయాడు. లెక్కలు ఇలాంటి మిశ్రమాల దగ్గర తప్పడం ఆయన జీవితమంతా చూశాడు. రాఘవేంద్ర ఫోన్ చేసి, "అంత తేడానా సార్?" అంటే, "మా సైదమ్మ చూసిందయ్యా. సూత్రం తప్పొచ్చు, ఆమె కన్ను తప్పదు" అన్నాడు. పక్కనే ఉన్న సైదమ్మకు ఆ మాట ఎంత హాయిగా వినబడిందంటే, ఆ సాయంత్రం మెట్రోలో తను దిగాల్సిన దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ దాటిపోయిన సంగతి కూడా గమనించలేదు. చిల్లర్ అక్కర్లేదని కంపెనీ తేల్చుకుంది.

ఆగస్టులో తేజస్విని ల్యాబులో చేరింది. గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం, అప్పుడే పీహెచ్‌డీ పూర్తయింది. వయసులో కూతురంత అయినా సైదమ్మ ఆమెను "మేడం" అనే పిలిచేది. ఆ నెలలో ఇంకో క్షేత్రపు గ్యాస్ వచ్చింది. ఇద్దరూ కలిసి కొలిచారు. మొదటిసారి నింపితే ఆరు. ఖాళీ చేసి మళ్లీ నింపితే దాదాపు ఎనిమిది. మూడోసారి తొమ్మిది దాటింది.

"సగటు తీసుకుందామా సైదమ్మ గారూ?" అంది తేజస్విని, తనకే నమ్మకం లేనట్టు.

"సగటెట్ల తీస్తం మేడం? ఒకటే సిలిండర్, ఒకటే గ్యాసు. అటొకటి ఇటొకటి వస్తె సగటు తీయొచ్చు. ఇది మెట్లెక్కినట్టు పైకే పోతున్నది."

నాలుగోసారి నింపుతున్నప్పుడు సైదమ్మ డిస్‌ప్లే వైపు చూడలేదు. సిలిండర్ నుంచి ఉక్కు గదికి వెళ్లే పెన్సిల్ లావు గొట్టం వెంట చెయ్యి పెట్టుకుంటూ వెళ్లింది. గొట్టానికి హీటింగ్ టేపు చుట్టి, పైన గాజు దూది కప్పి ఉంటుంది. మధ్యలో ఉన్న సెన్సర్ అరవై డిగ్రీలు చూపిస్తోంది. వాల్వు దగ్గరి మలుపులో దూది చేతికి చెమ్మగా తగిలింది.

కత్తెర తెచ్చి దూది విప్పింది. మలుపు దగ్గర నాలుగు వేళ్ల మేర టేపు లేదు. బోడి ఉక్కు మీద వానాకాలపు గాలిలోని తేమ చన్నీళ్ల గ్లాసు మీద పట్టినట్టు పట్టి ఉంది. ఎక్కువ ఒత్తిడి నుంచి తక్కువకు దూకే చోట గ్యాస్ తనంతట తానే చల్లబడుతుంది. అందుకే కదా అక్కడ టేపు చుట్టేది. ఆ నాలుగు వేళ్ల చోట బరువైన భాగం ద్రవమై మలుపులో దాక్కుంటోంది. తేలికైన గ్యాస్ మాత్రమే లోపలికి వెళ్తోంది. నింపిన కొద్దీ ఆ ద్రవం కొంచెం కొంచెంగా కొట్టుకుపోయి అంకె పైకెక్కుతోంది.

"దొరికింది!" అని తేజస్విని చప్పట్లు కొట్టింది.

సైదమ్మ చప్పట్లు కొట్టలేదు. ఆ టేపు చుట్టింది తనే. ఫిబ్రవరిలో పాతది కాలిపోతే కొత్తది తెప్పించి, వాల్వు బ్రాకెట్ అడ్డమొస్తోందని ఆ మలుపును తర్వాత చూద్దామనుకుని వదిలేసింది. తర్వాత మరిచిపోయింది. మార్చిలో గాలి పొడిగా ఉంది కాబట్టి దూదికి తేమ పట్టలేదు.

రిజిస్టర్ తీసింది. రాజస్థాన్ నమూనా తక్కువ వచ్చిందని, దాచాల్సిన వాటా ముందే తీసిపెట్టి, మిగిలింది ఒక్కసారే నింపి, ఆ నింపినదాన్నే మూడుసార్లు చల్లబరిచి చూసింది. మూడుసార్లూ రెండు డిగ్రీలే. మూడూ ఒకటే వచ్చాయని సంబరపడింది. ఒకే తప్పును మూడుసార్లు చూస్తే మూడుసార్లూ ఒకటే కనబడుతుందని అప్పుడు తట్టలేదు.

లోపలి గదిలో చక్రపాణికి చెప్పింది. అతను ల్యాబు వ్యవహారాలన్నీ చూసేవాడు, చెడ్డవాడు కాదు. విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"రిపోర్టు పోయి ఐదు నెలలైంది కదండీ. ఇప్పుడు మనంతట మనమే వెళ్లి తప్పని చెబితే ఇంకెవరైనా మనకు నమూనా పంపుతారా? ఇక్కడ పదకొండు మంది బతుకుతున్నారు. పైగా ఈ డిజైన్ వాళ్లు ప్రతిదానికీ కొంత ఎక్కువే వేసుకుంటారు. రెండు అంటే ఐదనుకునే చేస్తారు."

"ఐదనుకుంటరు సార్. పదకొండనుకోరు."

"పదకొండని మీకెలా తెలుసు? కొలిచారా?"

నిజానికి ఆమె ఇంకా కొలవలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో బియ్యం కడుగుతూ మహేందర్‌కు చెప్పింది. అతను డ్యూటీ దిగి గ్రీజు చేతులు తోముకుంటున్నాడు.

"నేనొకసారి బస్సు పంపిచ్చినంక యాదికొచ్చింది, ఎనక చక్రం నట్లు బిగిచ్చిన్నా లేదా అని. ఎంత ఆలోచించినా గుర్తుకొస్తలేదు. బైకు మీద ఎంటవడి అబ్దుల్లాపూర్‌మెట్ కాడ ఆపిచ్చిన. చూస్తె అన్నీ బిగిచ్చే ఉన్నయి. డ్రైవరు తిట్టిండు, బస్సులోళ్లందరు తిట్టిర్రు."

"మరి?"

"మరేముంది. తిట్లు వడ్డ, ఇంటికొచ్చి తిని పన్న. నీవి బిగియ్యలేదని నీకెరుకే గదా. ఇంకేం అడుగుతున్నవ్?"

మర్నాడు పొద్దున్నే ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో గంగాధరరావు ఇంటికి వెళ్లింది. కంటికి శుక్లం ఆపరేషనై ఆయన నల్లకళ్లద్దాలతో వసారాలో కూర్చుని ఉన్నాడు. భార్య విజయదుర్గ పేపరు చదివి వినిపిస్తోంది. సైదమ్మ ముఖం చూసి ఆవిడ పేపరు మడిచి కాఫీకి లోపలికి వెళ్లింది.

సైదమ్మ నిలబడే అంతా చెప్పింది. టేపు సంగతి, ఒక్కసారే నింపిన సంగతి, చక్రపాణి అన్న మాట. ఏదీ మెత్తబరచలేదు. అద్దాల వెనక ఆయన కళ్లు కనబడవు కాబట్టి ఏమనుకుంటున్నాడో తెలియలేదు. చివరికి ఆయన అడిగింది ఒక్కటే.

"ఆ నమూనా ఇంకా ఉందా?"

"ఆరు నెలలు దాచాలె గద సార్. చిన్న సిలిండర్ల ఉన్నది. ఇంకో నెలైతే ఖాళీ చేస్తుంటిమి."

"అయితే కొలిచి రా. తప్పయిందని నువ్వు అనుకుంటున్నావు. అనుకోవడం వేరు. మనం తప్పని రాయాలన్నా కొలిచే రాయాలి." మళ్లీ, "ఆ రోజు ఫోన్లో గొప్పలు చెప్పింది నేను. అది కూడా గుర్తుంచుకో. ఇది నీ ఒక్కదానిదే కాదు" అన్నాడు.

ఆమె కాఫీ తాగకుండానే వెళ్లబోతే విజయదుర్గ ఊరుకోలేదు. "తాగి వెళ్లు సైదమ్మా. ఐదు నెలలు ఆగిన గ్యాసు ఐదు నిమిషాలు ఆగదా?"

మలుపును బోడిగా వదిలిన టేపును సైదమ్మ పూర్తిగా విప్పి, బ్రాకెట్ ఊడదీసి, అంగుళం ఖాళీ లేకుండా మళ్లీ చుట్టింది. తేజస్విని నాలుగుచోట్ల నాలుగు సెన్సర్లు పెట్టింది. చిన్న సిలిండర్‌ను రెండు రోజులు వేడిలో ఉంచి, అడుగున ఏదైనా ద్రవం చేరి ఉంటే కలిసిపోయేలా తిప్పుతూ ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నం, ల్యాబులో ఇంకెవరూ లేనప్పుడు, మొదటిసారి నింపారు. చల్లబరచడం మొదలైంది. ఇరవై. పదిహేను. పన్నెండు. సైదమ్మ ముక్కు కిటికీకి ఆనించినంత దగ్గరగా కూర్చుంది. మసక రాకూడదని ఆమె లోపల ఎక్కడో కోరుకుంటోంది. ఆ కోరిక ఉన్నట్టు ఆమెకు తెలుసు కూడా. అందుకే పదకొండు దాటగానే వెలుతురు కొంచెం చెదిరినప్పుడు, తను చూసింది నిజమేనా అని ఎన్నడూ లేనిది తన కన్నునే అనుమానించింది.

"మేడం, మీరు చూడుర్రి. నేనేం చెప్ప."

తేజస్విని వంగి చూసింది. "వచ్చేసింది. పది పాయింట్ ఎనిమిది."

ఖాళీ చేసి మళ్లీ నింపారు. పది పాయింట్ తొమ్మిది. మూడోసారి పది పాయింట్ ఎనిమిది. కంప్యూటర్ లెక్క దాదాపు సరిగ్గానే ఉంది.

సోమవారం సైదమ్మ సవరణ లేఖ రాసింది. ఏది తప్పు, ఎందుకు తప్పు, ఎవరి చేతిలో జరిగింది, సరైన అంకె ఎంత. ఒక పేజీ. చక్రపాణి చదివి, "పరికరంలో లోపం అని రాస్తే సరిపోతుంది కదా, మీ పేరెందుకు?" అన్నాడు. ఈసారి అతని గొంతులో కోపం కంటే బాధే ఎక్కువుంది. "పరికరంల లోపం లేదు సార్. నేను చుట్టలే" అంది. అతను సంతకం చేసి ఇచ్చేశాడు. లేఖ అందేలోపే తానే చెబుతానని ఆమె రాఘవేంద్రకు ఫోన్ చేసింది.

టేపు సంగతీ కొత్త అంకే అతను చివరిదాకా విన్నాడు. తర్వాత రాఘవేంద్ర మాటలు ఒక్కసారిగా వచ్చాయి. "మీరు చెప్పారని మా లెక్క మేం పక్కన పెట్టామండీ! మీటింగులో నేను నిలబడి చెప్పాను, కొలిచినదాన్ని నమ్మాలని. చిల్లర్ తీసేసి మొత్తం లేఅవుట్ మార్చాం. వచ్చే నెల పునాదులు. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని మళ్లీ వెళ్లను?"

సైదమ్మకు అనడానికి ఉన్నదంతా లేఖలో ఉంది.

"ఇంకెన్ని రిపోర్టులు ఇలా ఇచ్చారు?"

"ఆ టేపుతోని మూడు ఇచ్చిన సార్. మిగతా రెండిట్ల బరువు భాగం లేదు, పొడి గ్యాసు. అయినా రెండు మళ్ల కొలుస్తున్నం. కాగితం పంపిస్త."

ఫోన్ పెట్టేశాడు. పునాదులకు ముందే చిల్లర్ మళ్లీ డిజైన్‌లోకి వచ్చిందని తర్వాత తెలిసింది. దాంతోపాటే ఆ కంపెనీ ఈ ల్యాబుకు నమూనాలు పంపడం మానేసింది. ఇంకో రెండు పాత కంపెనీలు కూడా తగ్గించాయి. చక్రపాణి నెలరోజులు ఆమెతో పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. మధ్యాహ్నం అందరూ కలిసి తినే బల్ల దగ్గర ఆమె వస్తే మాటలు తగ్గేవి. తేజస్విని ఒక్కతే తన డబ్బా తెచ్చుకుని పక్కన కూర్చునేది. ఆ రోజుల్లో సైదమ్మ రెండుసార్లు రాజీనామా గురించి ఆలోచించింది. ఒకసారి కాగితం మీద కూడా రాసింది. మళ్లీ, తను పోతే ఆ మలుపును ఎవరు చూస్తారని చింపేసింది.

ఆ చలికాలంలో ల్యాబు గుర్తింపును పునరుద్ధరించడానికి తనిఖీ అధికారి చెన్నై నుంచి వచ్చాడు. సన్నగా, పొడవుగా, నవ్వని మనిషి. రెండు రోజులు ఫైళ్లు తిరగేశాడు. సైదమ్మ లేఖ చేతికొచ్చినప్పుడు దాన్ని రెండుసార్లు చదివి, ఆమెను పిలిపించాడు. చక్రపాణి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. మెచ్చుకుంటాడేమోనని అతను ఆశపడ్డాడు, తిడతాడేమోనని ఆమె భయపడింది. ఆయన రెండూ చేయలేదు. మీ ల్యాబు పెట్టి పదేళ్లు దాటింది, ఇన్నేళ్లలో సవరణ ఇదొక్కటేనా అని అడిగాడు. అవునన్నారు. ఇన్ని వందల కొలతల్లో ఒక్కటే తప్పు జరగడం కష్టం, మిగతావి జరగలేదా, మీరు వెతకలేదా అన్నాడు. జవాబు కోసం ఆగకుండా తర్వాతి ఫైలు తీసుకున్నాడు.

గుర్తింపు వచ్చింది. చక్రపాణి స్వీట్లు పంచాడు, సైదమ్మ బల్ల దగ్గరికి వచ్చి తానే డబ్బా మూత తీసి ఇచ్చాడు. కానీ ఆమెను ఆ ప్రశ్న వదల్లేదు. మధ్యాహ్నం తినడం కాగానే పాత రిజిస్టర్లు ఒక్కొక్కటి తీసి, మొదటి ఏడు నుంచి చదవడం మొదలుపెట్టింది. అంకెలు మళ్లీ కూడుతూ, ఏ థర్మామీటర్ ఎంత తేడా చూపిస్తుందో చెప్పే సవరణ పట్టికలతో సరిచూస్తూ వెళ్లింది. మహేందర్ ఒకరోజు భోజనం డబ్బా మరిచిపోయిందని ఇవ్వడానికి వచ్చి ఆ దొంతర చూశాడు. "ఇవన్ని చదువుతవా?" అన్నాడు. "చదువుత" అంది.

ఏప్రిల్‌లో ఒకటి దొరికింది. ఒక ప్రొపేన్ మిశ్రమం సాంద్రత కొలత. థర్మామీటర్ సవరణను కలపాల్సిన చోట తీసేశారు. తేడా చాలా చిన్నది, సాంద్రతలో నాలుగో దశాంశ స్థానం దగ్గర కదులుతుంది, దానివల్ల ఎవరి పైపూ ఎవరి కంప్రెసరూ చెడదు. కానీ ఆ లెక్క పక్కన చేతిరాత గుండ్రంగా, కుడివైపు వాలి ఉంది. గంగాధరరావు రాత. ఆమెకు అంకెలు రాయడం నేర్పిన రాత.

ఆ రిజిస్టర్ తొమ్మిది రోజులు ఆమె బల్ల సొరుగులో ఉంది. రోజూ తీసేది, మళ్లీ లెక్క వేసేది. తనే పొరపాటు పడ్డానేమోనని తేజస్వినితో కూడా, ఎవరిదో చెప్పకుండా, వేయించింది. అదే వచ్చింది. పదోరోజు రిజిస్టర్‌ను సంచిలో పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో దిగింది.

ఆయన కళ్లు బాగయ్యాయి. వసారాలో పెన్సిల్ పట్టుకుని ఏదో రాసుకుంటున్నాడు. ఆమె పేజీ తెరిచి ముందు పెట్టింది, వేలితో ఆ లెక్క చూపించింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, పక్కన చిన్నగా కూడిక వేసి, ఇంకోసారి వేశాడు.

"అవును. కలపాలి. తీసేశాను." పెన్సిల్ కింద పెట్టాడు. "ఎప్పుడు చూశావు?"

"తొమ్మిది రోజులైంది సార్."

"నీ తప్పు నాకు చెప్పడానికి ఎన్నాళ్లు పట్టింది?"

"తెల్లారే వచ్చిన."

"మరి నాదానికి తొమ్మిది రోజులెందుకు?"

ఆమె తలవంచుకుంది. ఆయన నొచ్చుకున్నాడేమోనని కళ్లెత్తి చూస్తే, ఆయన కోపంగా లేడు, నవ్వుతూనూ లేడు. ఏదో దూరం నుంచి ఆమెను చూస్తున్నట్టున్నాడు.

"గౌరవం వల్ల ఆగావు. నాకు తెలుసు. కానీ సైదమ్మా, ఇలాంటి గౌరవం నాకొద్దమ్మా. ఇంకోసారి ఇలాంటిది దొరికితే తెల్లారే రా. నీ లేఖ నకలు దగ్గరుందా? ఎలా రాశావో చూద్దాం. ఈ వయసులో మొదటిసారి రాస్తున్నాను."

విజయదుర్గ కాగితాలు తెచ్చింది. ఆయన డెబ్బైమూడేళ్ల చేత్తో నెమ్మదిగా రాశాడు. ఏది తప్పు, ఎందుకు తప్పు, ఎవరి చేతిలో జరిగింది, సరైన అంకె ఎంత. రాస్తూ మధ్యలో ఒకచోట ఆగి, "పరికరం అని రాయనా, నేను అని రాయనా?" అని అడిగాడు. ఆమె జవాబు చెప్పేలోపే "నేను" అని రాసేశాడు.

మూడు వారాలకు ఆ ప్రొపేన్ నమూనా పంపిన కంపెనీ నుంచి జవాబొచ్చింది. రెండు వాక్యాలు. ఆ మిశ్రమం వాడిన యూనిట్‌ను రెండేళ్ల కిందటే మూసేశామని, అయినా సవరణను తమ రికార్డులో చేర్చుకున్నామని. తేజస్విని చదివి పకపకా నవ్వింది. సైదమ్మకు కూడా నవ్వొచ్చింది. ఆ కాగితం మీద తేదీ వేసి, ఫైల్లో దాని చోట దాన్ని పెట్టి, తర్వాతి ఏడాది రిజిస్టర్ తీసింది.